పొలం ఆయనది, జింక అందరిదీ: మాంసం కోసం వేటపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు వేట గురించే. కొమ్ములు గోడకి తగిలించుకోవాలన్న సరదాతో అడిగినవాళ్ళు తక్కువ. ఫ్రీజర్లో నాలుగు నెలలకి సరిపడా మంచి మాంసం పెట్టుకోవాలనుకునేవాళ్ళే ఎక్కువ. అందరికీ అడ్డొస్తున్నది ఒకటే: తుపాకీ దొరుకుతుంది, లైసెన్స్ దొరుకుతుంది, నిలబడటానికి చోటు దొరకడం లేదు. ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ రాసిందంతా అమెరికా లెక్క. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఈ జవాబులేవీ పనికిరావు.

ప్ర: నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఆఫీసులో ఒకతను వాళ్ళ మామగారి రాంచ్‌లో అడవిపందుల వేటకి రమ్మంటున్నాడు. "టెక్సాస్‌లో పందులకి లైసెన్సే అక్కర్లేదు, తుపాకీ నాదే ఇస్తాను" అంటున్నాడు. వెళ్ళొచ్చా? (డాలస్ పాఠకుడు)

జ: వెళ్ళండి, కానీ ముందు హంటింగ్ లైసెన్స్ కొనుక్కోండి. అది చేతిలో లేకుండా ఆయన తుపాకీ ముట్టుకోకండి.

మీ స్నేహితుడు చెప్పింది రాష్ట్ర చట్టం వరకు నిజమే. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. చిక్కంతా ఫెడరల్ చట్టంతో. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఆ చట్టం అంటుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్ళకి పనికొచ్చేది ఒకటి: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ దగ్గర ఉండటం. అంటే లైసెన్స్ పందికి అక్కర్లేదు, మీకు కావాలి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు.

ఈ రూలులో జనం జారిపడే చోట్లు మూడున్నాయి. ఒకటి, "దగ్గర పెట్టుకోవడం" అంటే కొనుక్కోవడం మాత్రమే కాదు. అరువు తీసుకుని భుజాన వేసుకున్నా, షూటింగ్ రేంజ్‌లో అరగంట అద్దెకి తీసుకున్నా అదే లెక్క. మీ వీసా సంగతి తెలిసి ఇచ్చినవాడికీ నేరం చుట్టుకుంటుంది. రెండు, ఫిషింగ్ లైసెన్స్ సరిపోదు. హంటింగ్ లైసెన్స్ గానీ, హంటింగ్ కూడా కలిసిన కాంబో గానీ ఉండాలి. మూడోది, అందరూ మర్చిపోయేది, గడువు. టెక్సాస్ లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి. మీరు సొంతంగా రైఫిల్ కొనుక్కుని బీరువాలో పెట్టి, అక్టోబర్‌లో చూసుకుందాంలే అని రెన్యూ చేయకపోతే, సెప్టెంబర్ 1 నుంచి మీరు వేటకి వెళ్ళకపోయినా ఇంట్లో ఉన్న తుపాకీయే నేరం. పట్టుబడితే 15 ఏళ్ళ దాకా శిక్ష పడే సెక్షన్ అది. పైగా ఇమిగ్రేషన్ పరంగా దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు.

లైసెన్స్‌కి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి తప్పనిసరి. 17 ఏళ్ళు నిండినవాళ్ళు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయొచ్చు. ఒకసారి తీసుకున్న సర్టిఫికెట్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలు నివాసం ఉంటే రెసిడెంట్ రేటు, లేకపోతే నాన్‌రెసిడెంట్ రేటు. రెండిటికీ తేడా చాలా పెద్దది.

ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే విల్లు, క్రాస్‌బో ఉన్నాయి. ఫెడరల్ చట్టం దృష్టిలో అవి ఫైర్‌ఆర్మ్స్ కావు. మీ కేసు ఏమాత్రం మెలికగా ఉన్నా (వీసా మారుతున్నా, స్టేటస్ పెండింగ్‌లో ఉన్నా) తుపాకీ కన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్ళండి.

అన్నట్టు, పందిని కోసేటప్పుడు రబ్బరు గ్లౌజులు మానకండి. అడవిపందుల్లో బ్రూసెల్లా అనే బాక్టీరియా ఉంటుంది, చేతి మీద చిన్న గాటులోంచి కూడా ఎక్కుతుంది. మాంసం లోపలి వేడి 160 డిగ్రీల ఫారన్‌హీట్ (71 సెల్సియస్) చేరేదాకా ఉడకాలి.

ప్ర: జింక ఎవరి సొత్తూ కాదంటారు కదా, మరి అనుమతి ఎందుకు? మా ఇంటి వెనక అడవిలో కంచె లేదు, బోర్డు లేదు. కొన్ని చెట్లకి మాత్రం ఊదా రంగు పూశారు. (పెన్సిల్వేనియా పాఠకురాలు)

జ: ఆ ఊదా రంగే బోర్డు. పెన్సిల్వేనియాలో 2020 నుంచి, ఫిలడెల్ఫియా, ఆలెగెనీ కౌంటీలు మినహా, చెట్టుకి ఊదా గీత పూస్తే "లోపలికి రావద్దు" అని రాసినట్టే. గీత నిలువుగా ఉండాలి. కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు. నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో. ఒక గీతకీ ఇంకో గీతకీ 100 అడుగులు మించని దూరం. టెక్సాస్ కొలతలూ దాదాపు ఇవే, కాకపోతే చెట్లు లేని నేలలో గీతల మధ్య 1000 అడుగుల దాకా ఉండొచ్చు. చెట్ల వ్యాపారులు నరకాల్సిన చెట్లకి వేరే రంగులు వాడతారు కాబట్టి ఊదాని దీనికి ఎంచుకున్నారు.

ఇక మొదటి ప్రశ్న. అమెరికాలో అడవి జంతువు ప్రజలది, వాళ్ళ తరఫున రాష్ట్రం చూసుకుంటుంది. అందుకే లైసెన్స్, సీజన్, ఎన్ని కొట్టొచ్చన్న లెక్క, అన్నీ రాష్ట్రానివి. సొంత పొలంలో జింక తిరుగుతున్నా రైతు ఇష్టమొచ్చినప్పుడు కొట్టేయడానికి వీల్లేదు. కానీ జింక కాళ్ళ కింద ఉన్న నేల ఆయనది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ జంతువుకే గానీ గేటుకి తాళంచెవి కాదు.

బోర్డు లేకపోతే సంగతేమిటన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వెర్మాంట్ రాజ్యాంగం 1777 నుంచీ కంచె లేని భూముల్లో వేటకి హక్కు ఇస్తోంది. వద్దనుకునే యజమాని ఏటా తేదీ వేసిన బోర్డులు పెట్టి, టౌన్ క్లర్క్ దగ్గర నమోదు చేయించుకోవాలి. టెక్సాస్‌లో దీనికి పూర్తిగా ఉల్టా: బోర్డున్నా లేకపోయినా ఎవరి భూమిలో వేటాడాలన్నా వాళ్ళ సమ్మతి కావాలి. నార్త్ డకోటాలో 2021 నుంచి బోర్డు పాతకుండా ఆన్‌లైన్‌లోనే భూమి మూసేయొచ్చు. కాబట్టి కంటికి బోర్డు కనబడలేదన్న ధైర్యంతో ఏ అడవిలోకీ దిగకండి. మీ రాష్ట్రం ఏటా వేసే వేట నియమాల పుస్తకం, హంటింగ్ డైజెస్ట్‌లో "ట్రెస్‌పాస్" అన్న పేజీ ఉంటుంది. ముందు అది చదవండి.

ఇంకోటి, మీది ఇంటి వెనక అడవి అంటున్నారు. పెన్సిల్వేనియాలో మనుషులుండే ఇంటికి 150 గజాల లోపల, ఆ ఇంటివాళ్ళ అనుమతి లేకుండా తుపాకీతో వేటాడకూడదు. విల్లు, క్రాస్‌బోలకి అది 50 గజాలు. రైఫిల్ సీజన్‌లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ కనబడాలి.

ప్ర: ఊరి బయట సోయా, మొక్కజొన్న పొలాలున్నాయి, జింకలు మందలుగా తిరుగుతుంటాయి. రైతు తలుపు కొట్టి అడగమంటారు అందరూ. నా ఇంగ్లిష్ యాస, నా రంగు చూసి తలుపేస్తారేమోనని వెనకాడుతున్నాను. ఎలా అడగాలో విడమరిచి చెప్పండి. (మిస్సోరి పాఠకుడు)

జ: తలుపేసేవాళ్ళు ఉంటారు, లేరని చెప్పం. కానీ కాదన్నవాళ్ళలో చాలామందికి కారణం వేరే ఉంటుంది: ఇప్పటికే కొడుకో అల్లుడో వేటాడుతుంటాడు, లేదా పోయినేడు ఎవడో గేటు తీసి వదిలేస్తే ఆవులు రోడ్డెక్కాయి. ఆ రెండోది మీలో కనబడదని నమ్మకం కలిగించడమే మీ పని.

ముందు ఆ పొలం ఎవరిదో తేల్చుకోండి. భూమి పన్ను లెక్కగట్టే కౌంటీ అసెసర్ వెబ్‌సైట్లో పార్సెల్ మ్యాప్ (ఏ ముక్క ఎవరిదో చూపే పటం) ఉచితంగా ఉంటుంది. ఆన్‌ఎక్స్ హంట్ లాంటి ఫోన్ యాప్‌లో హద్దులు, యజమాని పేరు మీరు నిలబడ్డ చోటునుంచే కనిపిస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్రాక్టర్ మీద కనబడే మనిషి కౌలుదారు కావచ్చు. పంట ఆయనదే గానీ వేటకి సరే అనే హక్కు ఆయనకి ఉండకపోవచ్చు. ఆయన సరే అన్నాడని దిగితే అసలు యజమాని ఫోన్ చేసి పోలీసుల్ని పిలిస్తే మీ దగ్గర జవాబుండదు. యజమాని వేరే ఊళ్ళో ఉంటే ఉత్తరం రాయండి, ఒక పేజీ చాలు, మీ ఫోన్ నంబరుతో.

ఎప్పుడు వెళ్ళాలన్నది సగం పని. సీజన్ మొదలయ్యే ముందు వారం అందరూ వెళ్తారు, ఆ వారం వెళ్ళడం దండగ. ఫిబ్రవరి, మార్చిలో వెళ్ళండి, లేదా నాట్లయ్యాక జూలైలో. విత్తనాలప్పుడు, కోతలప్పుడు రైతు దగ్గర రెండు నిమిషాలుండవు. భోజనం వేళ, ఆదివారం పొద్దున చర్చి వేళ వద్దు. శనివారం పదింటికి మంచి సమయం. కారు గేటుకి అడ్డంగా పెట్టకండి. మామూలు బట్టల్లో వెళ్ళండి. అడవి రంగు డ్రస్సు వేసుకుని, కారు వెనక సీట్లో తుపాకీ కేసు కనబడేలా వెళితే "ఎలాగూ ఒప్పుకుంటాడు" అనుకుని వచ్చినట్టుంటుంది. తలుపు కొట్టి రెండడుగులు వెనక్కి నిలబడండి. ఒక్కరే వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్తే ఇంకా మంచిది, నలుగురు మగాళ్ళు మాత్రం వద్దు.

చెప్పేది అర నిమిషంలో అయిపోవాలి. పేరు, ఏ ఊళ్ళో ఉంటారు, ఏం పని చేస్తారు, ఏం కావాలి. కావాల్సింది కొలత పెట్టి అడగండి. "ఇక్కడ వేటాడుకోవచ్చా?" అన్న ప్రశ్నకి కాదనడం తేలిక, ఎందుకంటే దానికి హద్దు లేదు. "ఇంట్లో తినడానికి ఒక ఆడజింక కావాలండీ. నేనొక్కడినే వస్తాను, విల్లుతో. నవంబర్‌లో మీరు చెప్పిన రెండు శనివారాలు. మగజింకల జోలికి వెళ్ళను" అంటే ఆయన దేనికి ఒప్పుకుంటున్నాడో ఆయనకి తెలుస్తుంది. మాంసం కోసం వెళ్ళేవాడికి ఉన్న పెద్ద బలం ఇదే. కొమ్ములున్న మగజింకల్ని ఇంటివాళ్ళు తమకని దాచుకుంటారు. పంట తినేసే ఆడజింకల మంద మాత్రం తగ్గాలనే ఏ సోయా రైతైనా కోరుకుంటాడు. సీజన్ చివర్లో ఆడజింకలకే పెట్టే రోజులు కొన్ని రాష్ట్రాల్లో ఉంటాయి. అప్పటికి ఇంటివాళ్ళ సరదా తీరిపోయి ఉంటుంది, ఒప్పించడం ఇంకా తేలిక. జింకలకి ఒప్పుకోకపోతే ఉడతలు, కుందేళ్ళు, పావురాలు అడగండి. చిన్న వేటతో ఒక ఏడాది గడిస్తే మీరెలాంటివారో ఆయనకే అర్థమవుతుంది.

వద్దంటే బతిమాలకండి. "పర్లేదండీ, చుట్టుపక్కల జింకల బాధ పడుతున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి" అని నంబరున్న కార్డు ఇచ్చి వచ్చేయండి. పక్క పొలం ఆయన పేరు చాలాసార్లు ఇలాగే దొరుకుతుంది.

సరే అంటే అక్కడితో అయిపోలేదు. కాగితం మీద రాయించుకోండి. చాలా రాష్ట్రాల వైల్డ్‌లైఫ్ శాఖలు అనుమతి కార్డు నమూనా ఇస్తాయి. అందులో రెండు వైపులా పేర్లు, ఫోన్లు, భూమి గుర్తులు, తేదీలు, మీ కారు నంబరు, సంతకం ఉండాలి. సంతకం అయ్యాక నోటితో అడగాల్సినవి వేరే: కారు ఎక్కడ పెట్టాలి, ఏ గేటు వాడాలి, పశువులు ఎటువైపు ఉంటాయి, ఏ దిక్కున ఇళ్ళున్నాయి, చెట్టుకి స్టాండ్ (పైన కూర్చునే సీటు) కట్టొచ్చా, పేగులు ఎక్కడ పడేయాలి. స్టాండ్ ఎక్కడానికి మరలా తిప్పి దించే ఇనుప మెట్లు చెట్టులోకి దించకండి, బెల్టుతో కట్టేవే వాడండి. కలప అమ్ముకునేవాళ్ళకి ఇనుప ముక్క దిగిన చెట్టు పనికిరాదు.

తర్వాత అనుమతి పోగొట్టుకునేది ఎప్పుడూ చిన్న విషయాల దగ్గరే. మూసి ఉన్న గేటు మూసే, తెరిచి ఉన్నది తెరిచే వదలాలి. వాన పడ్డాక పొలంలోకి కారు దింపితే పడే చక్రాల గాడి మరుసటి పంట దాకా కనబడుతుంది. ఇక అన్నిటికన్నా ఎక్కువగా కొంప ముంచేది బావమరిది. "మా బావమరిది ఇండియా నుంచి వచ్చాడు, చూస్తాడంతే" అని చెప్పకుండా తీసుకెళ్తే అనుమతి అక్కడితో సరి. అది మీ పేరు మీద ఇచ్చింది, మీ ఇంటి పేరు మీద కాదు. వెళ్ళే ముందురోజు రాత్రి ఒక మెసేజ్, వచ్చేశాక ఒక మెసేజ్ పెట్టండి. జింక పడితే వెన్నుకండ ప్యాకెట్ ఒకటి తేదీ రాసి ఇచ్చి రండి. ఏటా మళ్ళీ అడగాలి. పొలం చేతులు మారితే పాత అనుమతిని నమ్ముకోకండి, కొత్త యజమానిని మొదటినుంచి అడగండి.

ప్ర: ఒప్పుకున్నాడు గానీ "నువ్వు చెట్టు మీంచి పడితే నా మీద కేసు వేస్తావు" అని భయపడుతున్నాడు. పోనీ 200 డాలర్లు ఇస్తానన్నాను. సరేనా? (ఒహాయో పాఠకుడు)

జ: డబ్బు ఇవ్వజూపి ఆయన భయాన్ని పెంచారు. ఉచితంగా వేటకో, చేపలకో, నడకకో రానిచ్చిన భూయజమానిని కాపాడే చట్టం 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. రిక్రియేషనల్ యూజ్ చట్టం అంటారు. కావాలని హాని చేస్తే తప్ప, మీ కాలు గుంతలో పడినందుకు ఆయన బాధ్యుడు కాడు. కానీ రుసుము తీసుకుంటే చాలా రాష్ట్రాల్లో ఈ రక్షణ పోతుంది, మీరు అతిథి నుంచి కస్టమర్ అయిపోతారు. టెక్సాస్‌లో కొంత వెసులుబాటుంది: ఏడాదిలో వసూలు చేసినదంతా ఆ భూమి పన్నుకి 20 రెట్లు మించకపోతే రక్షణ నిలుస్తుంది. అక్కడ డబ్బుకి వేట లీజు ఇచ్చే యజమాని రాష్ట్రం దగ్గర హంటింగ్ లీజ్ లైసెన్స్ కూడా తీసుకోవాలి.

మీ రాష్ట్ర చట్టం ప్రింట్ తీసి ఆయనకి చూపించండి, "గాయాలకి నేనే బాధ్యుణ్ణి" అన్న కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండి. కృతజ్ఞత చూపాలనుకుంటే కంచె తీగ బిగించడం, విరిగిన కొమ్మలు తీయడం లాంటి ఒక శనివారం పని చేసిపెట్టండి. అదైనా "ఇంత పనికి ఇన్ని రోజుల వేట" అని బేరంలా పెట్టుకోకండి, అలా రాసుకుంటే అదీ రుసుమే అనే లాయర్లుంటారు. నిజంగా లీజే కావాలంటే లీజులాగే చేయండి: తేదీలు, ఎంతమంది, ఎన్ని జంతువులు, అతిథుల సంగతి, డబ్బు వాపసు షరతు, లయబిలిటీ ఇన్సూరెన్స్. అసలు భయం చెట్టుదైతే, నేల మీదే కూర్చుంటానని చెప్పడం ఈ కాగితాలన్నిటికన్నా తేలిక.

ప్ర: బాణం తగిలిన జింక కంచె దూకి పక్క పొలంలో పడింది. కళ్ళెదురుగా కనబడుతోంది. వెళ్ళి తెచ్చుకోకూడదా? (విస్కాన్సిన్ పాఠకుడు)

జ: కూడదు, యజమాని సరే అంటే తప్ప. జింక మీ ట్యాగ్ (లైసెన్స్‌తో వచ్చే, కొట్టిన జంతువుకి కట్టే చీటీ) మీదిదే అయినా కాలు పెట్టేది ఆయన నేల మీద. మిన్నెసోటా లాంటి కొన్ని రాష్ట్రాలు బోర్డు లేని పొలంలోకి నడిచి వెళ్ళి గాయపడ్డ జంతువుని తెచ్చుకోనిస్తాయి. మీది ఆ జాబితాలో లేదు. ముందు ఫోన్ చేయండి. దొరక్కపోతే వేట చట్టాలు చూసే అధికారి, గేమ్ వార్డెన్‌కి చెప్పండి. ఆయన మధ్యవర్తిగా మాట్లాడగలడు గానీ బలవంతంగా గేటు తీయించలేడు.

నివారణ ఉంది. ఊపిరితిత్తుల్లో సరిగ్గా తగిలిన జింక కూడా 50 నుంచి 150 గజాలు పరుగెత్తి పడుతుంది. అందుకని హద్దుకి 50 గజాల్లో కూర్చోవడం అంటే సగం జింకల్ని పక్కవాడికి అప్పగించడమే. లోపలికి జరగండి, సీజన్‌కి ముందే పక్క పొలాల నంబర్లు రాసుకోండి.

ప్ర: మొదటి జింక కొట్టాం. సాయంత్రం అయ్యేసరికి చలిగానే ఉంది కదా అని మర్నాడు పొద్దున దాకా చెట్టుకి వేలాడదీశాం. తొడ మాంసం కంపు కొట్టింది. ఎక్కడ తప్పు? (జార్జియా పాఠకుడు)

జ: మీకు చలేసింది, జింకకి వేయలేదు. తోలు దుప్పటిలా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. అన్నిటికన్నా ఆఖరున చల్లబడేది తొడ ఎముక తుంటిలో కలిసే చోటు, కుళ్ళడం మొదలయ్యేదీ అక్కడే. మాంసం 40 డిగ్రీల ఫారన్‌హీట్ (4 సెల్సియస్) కిందకి వీలైనంత త్వరగా దిగాలి. రాత్రి ఉష్ణోగ్రత అంతకన్నా పైన ఉంటే తోలుతో వేలాడదీయడం అనే ఆలోచనే వద్దు.

పడిన జింక దగ్గరికి వెనకనుంచి వెళ్ళి పొడుగాటి కర్రతో కన్ను తాకి చూడండి. రెప్ప కదలకపోతే ప్రాణం లేదు. ముందు ట్యాగ్. టెక్సాస్‌లో కాగితం ట్యాగ్ మీద నెల, తేదీ పెన్నుతో రాస్తే చాలదు, కత్తిరించాలి. తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ ఎముక కింద తోలు, దాని కింది పలుచని పొర మాత్రమే తెగేలా చిన్న గాటు. అందులోకి రెండు వేళ్ళు దూర్చి, వాటి మధ్య కత్తి అంచు పైకి ఉండేలా పట్టుకుని కాళ్ళ మధ్య దాకా కోసుకుంటూ పోండి. వేళ్ళు పొట్టని కిందికి నొక్కి ఉంచుతాయి. కత్తిమొన కిందికి తిప్పారా, పొట్ట చిరుగుతుంది, ఆ పచ్చనీళ్ళు వెన్ను లోపలి మెత్తటి కండ మీదే పడతాయి. ఆసనం చుట్టూ కోసి బయటికి లాగి దారంతో కట్టండి. మూత్రకోశం పట్టుకునేటప్పుడు నిదానం. పొట్టకీ ఊపిరితిత్తులకీ మధ్య ఉన్న పొరని పక్కటెముకల వెంట కోసి, చెయ్యి పైకి పెట్టి గొంతుగొట్టం తెంపితే అన్నీ ఒక్క లాగుడులో బయటికొస్తాయి. పక్కకి తిప్పి రక్తం కారనివ్వండి.

పొట్ట పగిలితే మంచినీళ్ళతో కడిగి వెంటనే ఆరగా తుడవాలి, అంటుకున్న చోట మాంసం చెక్కి పారేయాలి. వాగు నీళ్ళు వద్దు. వాతావరణం వెచ్చగా ఉంటే అక్కడే తోలు తీసి, తొడలు, జబ్బలు విడదీసి, కూలర్‌లో ఐసు మీద పెట్టండి. కూలర్ కింది బిరడా తీసి, నీళ్ళు బయటికి పోయేలా వాల్చి ఉంచాలి. కరిగిన నీళ్ళలో నానిన మాంసం పాలిపోతుంది, రుచీ పోతుంది.

తొందరపడకూడని చోటు ఒకటుంది. దెబ్బ ఊపిరితిత్తుల్లో తగిలిందనిపిస్తే అరగంట, కార్జంలో అనిపిస్తే నాలుగు గంటలు, పేగుల్లో అయితే ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆగి వెతకమంటారు. ముందే వెంటబడితే అది లేచి మైళ్ళు పోతుంది. పేగుల్లో తగిలి, రాత్రి వెచ్చగా ఉంటే, ఆగినా మాంసం పోతుంది, ఆగకపోయినా జింక పోతుంది. దానికి మందు లేదు. సందేహం ఉన్న కోణంలో కొట్టకపోవడమే.

150 పౌండ్ల జింక నుంచి ఎముకల్లేని మాంసం 50, 60 పౌండ్లు వస్తే బాగా కోసినట్టు. కొవ్వంతా తీసి పారేయండి. మటన్ కొవ్వులా కూరకి రుచి ఇవ్వదు, చల్లారితే అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. కండ మీది తెల్లని పొర కూడా తీసేయాలి. కాలి పిక్క మాంసం కుక్కర్‌కి, వెన్నుకండ పెనం మీదికి, మిగతాది ఖీమాకి.

ప్ర: చిన్నపిల్లలున్న ఇల్లు. జింకలకి ఏదో మెదడు జబ్బు ఉందంటున్నారు, సీసం తూటాల గురించీ విన్నాం. పెట్టొచ్చా? (కొలరాడో పాఠకురాలు)

జ: ఆ జబ్బు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. మొదట 1967లో మీ కొలరాడోలోనే బయటపడింది, ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాల్లో ఉంది. దానికి కారణం ప్రియాన్ అనే చెడిపోయిన ప్రొటీన్. ఎంత ఉడికించినా చావదు, ఎందుకంటే అది ప్రాణి కాదు. మనుషులకి సోకిందని ఇప్పటిదాకా రుజువు లేదు. అయినా జబ్బున్న ప్రాంతంలో కొట్టినదాన్ని పరీక్ష చేయించి, పాజిటివ్ వస్తే తినొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. తల పట్టుకెళ్తే గొంతు వెనక ఉండే శోషగ్రంథులు తీసి పరీక్షకి పంపుతారు. ఫలితం వచ్చేదాకా మాంసాన్ని ఆ జింక నంబరు రాసి విడిగా ఫ్రీజ్ చేయండి. కసాయి దగ్గర ఇస్తే "మా జింక మాంసం వేరేవాళ్ళదాంట్లో కలపొద్దు" అని ముందే చెప్పాలి. మెదడు, వెన్నుపాము జోలికి పోవద్దు. చాలా రాష్ట్రాలు వాటిని సరిహద్దు దాటనివ్వవు, ఎముకలు తీసిన మాంసమే తెచ్చుకోవాలి. కత్తుల మీది మాంసపు ముక్కలన్నీ కడిగేసి, 40 శాతం ఇంటి బ్లీచ్ కలిపిన నీళ్ళలో 5 నిమిషాలు ఉంచండి.

నిజానికి పిల్లల విషయంలో ఎక్కువ పట్టించుకోవాల్సింది సీసం. రైఫిల్ తూటా ఎముకకి తగిలి పొడిపొడి అవుతుంది. కంటికి కనబడని రవ్వలు గాయం నుంచి అడుగు దాటి కూడా పోతాయి. ఖీమా కొట్టిస్తే అవి మొత్తం కలిసిపోతాయి. గర్భిణులూ ఆరేళ్ళలోపు పిల్లలూ సీసం తూటాతో కొట్టిన జింక మాంసం తినొద్దని నార్త్ డకోటా 2008లోనే చెప్పింది. రాగి తూటాలు వాడితే ఈ గొడవే ఉండదు. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. ఎవరైనా ఇచ్చిన మాంసమైతే ఏ తూటాతో కొట్టారో అడగడం మర్యాద తప్పడం కాదు.

ప్ర: టెక్సాస్ రాంచ్‌లలో మన చుక్కల జింకలున్నాయట, నిజమా?

జ: నిజమే. 1930ల్లో తెచ్చి వదిలారు. అక్కడ వాటిని యాక్సిస్ డీర్ అంటారు. మనుబోతులు, కృష్ణజింకలు కూడా ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు రెండూ టెక్సాస్‌లో "ఎగ్జాటిక్" లెక్కలోకి వస్తాయి. వాటికి రాష్ట్రం పెట్టిన సీజన్ లేదు, సంఖ్య పరిమితి లేదు. లైసెన్స్, యజమాని అనుమతి మాత్రం ఉండాల్సిందే. మాంసం రుచిలో తెల్లతోక జింక కన్నా యాక్సిస్‌దే పైచేయి అన్నది అక్కడి వేటగాళ్ళ మాట, మాదీ అదే.

ప్ర: ఎవరూ ఒప్పుకోలేదు. ఇక ఈ ఏడాది పోయినట్టేనా? (కాన్సస్ పాఠకుడు)

జ: మీరున్న రాష్ట్రంలో ఈ మాట అనకూడదు. కాన్సస్ ప్రభుత్వం రైతులకి అద్దె కట్టి, పది లక్షల ఎకరాలకి పైగా ప్రైవేటు భూమిని వేటగాళ్ళకి తెరిచింది. వాక్-ఇన్ హంటింగ్ యాక్సెస్ అంటారు. బోర్డు ఉన్నచోట తేదీలు చూసుకుని నడిచి వెళ్ళడమే, తలుపు కొట్టక్కర్లేదు; బండి మాత్రం బయటే. సౌత్ డకోటా, నెబ్రాస్కాల్లో ఇలాంటివే ఉన్నాయి. మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ పేరుతో ఉంది, అక్కడ కొన్ని చోట్ల ముందుగా పేరు రాయించుకోవాలి.

పడమటి రాష్ట్రాలకి వెళ్తే ఇంకో సంగతి. రైల్వేలకి 1800ల్లో గళ్ళుగళ్ళుగా భూములిచ్చినందువల్ల అక్కడ ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేటుది. మూల దగ్గర ఒక ప్రభుత్వ గడి నుంచి ఇంకోదానికి అడుగు వేయొచ్చా అన్న తగాదా వయోమింగ్‌లో మొదలై కోర్టుకెక్కింది. ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా మూల దాటితే తప్పులేదని 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు (కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే ఫెడరల్ కోర్టు) తీర్పిచ్చింది, అదే అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని వినడానికి ఒప్పుకోలేదు. ఆ సర్క్యూట్ కింద వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, ఓక్లహోమా, మీ కాన్సస్ ఉన్నాయి. మోంటానా లేదు, అక్కడ ఇదే ధీమాతో దాటకండి. దాటేచోట కూడా సర్వే వాళ్ళు పాతిన గుర్తు కంటికి కనబడాలి. ఫోన్‌లో జీపీఎస్ చుక్క కొన్ని గజాలు అటూఇటూ తప్పుతుంది.

ప్ర: కొట్టిన మాంసం ఎక్కువైంది. తెలుగు సంఘం పిక్నిక్‌లో ప్లేటు ఇంతకని పెట్టి ఖర్చులు రాబట్టుకోవచ్చా?

జ: వద్దు. అడవిలో కొట్టిన జింక మాంసం అమ్మడం నేరం. ప్లేటు లెక్కన డబ్బు తీసుకున్నా అమ్మకమే. రాష్ట్రం దాటిస్తే, అడవి జంతువుల అక్రమ వ్యాపారాన్ని ఆపే ఫెడరల్ లేసీ చట్టం కూడా తగులుతుంది. ఊరికే పంచిపెట్టడానికి అడ్డు లేదు, అయితే మీ రాష్ట్రం అడిగితే ఎవరికి ఎంత ఇచ్చారో, ఏ ట్యాగ్ మీదిదో చీటీ రాసి మాంసంతో పాటు ఇవ్వాలి. ఇంకా మిగిలితే హంటర్స్ ఫర్ ద హంగ్రీ లాంటి కార్యక్రమాలకి పనిచేసే కసాయి దగ్గర దింపండి, పేదవాళ్ళ ఫుడ్‌బ్యాంకుకి చేరుతుంది. దింపే ముందు ఫోన్ చేసి పేగులు తీసి తేవాలా, తోలుతో తేవాలా, పరీక్ష ఫలితం కావాలా అన్నది కనుక్కోండి.